ఎవరూ నొక్కని మీట

హార్డ్ డిస్క్ పాడైతే కంప్యూటరు నెట్ కేబుల్ చూసుకోమంటుందేం?

ఈ ప్రశ్న చాలా ఇళ్లలో పుడుతుంది. పొద్దున్నే ఆన్ చేస్తే విండోస్ రాదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో "పీఎక్స్ఈ-ఈ61, మీడియా టెస్ట్ ఫెయిల్యూర్, చెక్ కేబుల్" అని ఒక వరుస కనిపిస్తుంది. అందులో మనకు అర్థమయ్యేది చివర ఉన్న కేబుల్ ఒక్కటే. దాన్ని ఊడదీసి మళ్లీ పెడతాం, కొత్తది కొని తెస్తాం, బ్రాడ్‌బ్యాండ్ అతనికి ఫోన్ చేసి నాలుగు మాటలంటాం. తీరా రిపేరు షాపుకు తీసుకెళ్తే అతను కేబుల్ వైపు చూడను కూడా చూడడు. పెట్టె విప్పి, హార్డ్ డిస్క్ పోయిందంటాడు.

అలాగని కంప్యూటరు అబద్ధమేమీ ఆడలేదు. అది ముందు డిస్క్‌ను తట్టి చూసింది, పలకలేదు. పెన్ డ్రైవ్ ఉందేమో చూసింది, లేదు. ఇక మిగిలింది నెట్‌వర్క్. అక్కడికి వెళ్తే కేబుల్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. మన కంటికి కనబడింది ఆ ఆఖరి ప్రయత్నం తాలూకు ఫిర్యాదు. మొదటి ప్రయత్నం ఎందుకు విఫలమైందో అది చెప్పలేదు. చెప్పి ఉంటే కేబుల్ ఖర్చు మిగిలేది.

డిస్క్, పెన్ డ్రైవ్, నెట్‌వర్క్ అనే ఈ వరుస ఎవరు పెట్టారు? మధ్యలో మెనూ ఒకటి వచ్చి సెకన్లు లెక్కపెడుతుందే, అది ఎవరి కోసం? ఎవరూ ఏమీ నొక్కకపోతే ఏం జరగాలి? ఈ అధ్యాయంలో అసలు ప్రశ్న ఆ మూడోదే. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలియని చోట కంప్యూటర్లు నడిపేవాళ్లకు దాని బరువు బాగా తెలుసు.

పుట్టుకతో వచ్చిన ప్రోగ్రాము

ఆన్ చేసిన క్షణంలో కంప్యూటరుకు ఏదీ గుర్తుండదు. దాని పని జ్ఞాపకం, అంటే ర్యామ్, కరెంటు ఉన్నంతసేపే నిలుస్తుంది. విండోస్ అయినా లినక్స్ అయినా డిస్క్ మీద పడుకుని ఉంటుంది. దాన్ని డిస్క్ మీంచి ర్యామ్‌లోకి తేవాలంటే డిస్క్‌ను చదవడం తెలిసిన ప్రోగ్రాము ఒకటి అప్పటికే నడుస్తూ ఉండాలి. ఆ ప్రోగ్రామును ఎవరు తెస్తారు?

ఎవరూ తేనక్కర్లేకుండా దాన్ని మదర్‌బోర్డు మీదే ఒక చిప్‌లో రాసి పెట్టారు. బోర్డుతో పాటే పుడుతుంది కాబట్టి పుట్టు ప్రోగ్రాము అనుకుందాం. బయోస్ అని మనం వినే పేరు దీనిదే. 1981లో ఐబీఎం తెచ్చిన పీసీలో ఇంటెల్ 8088 ప్రాసెసరు ఉండేది. కరెంటు అందగానే అది తన పది లక్షల చిల్లర చిరునామాల్లో చివరి నుంచి పదహారో చోటికి నేరుగా వెళ్లి, అక్కడున్న ఆదేశాన్ని అమలు చేసేది. అక్కడ ఉండేది పుట్టు ప్రోగ్రాముకు దారి చూపే ఆదేశం. కళ్లు తెరవగానే ఎక్కడ చూడాలన్నది ప్రాసెసరు తయారీలోనే ఖాయమైపోయిందన్న మాట.

ఈ పుట్టు ప్రోగ్రాము మెమరీని, కీబోర్డును సరిచూసుకుని, ఆ తర్వాత ఒక జాబితా తీస్తుంది. ముందు ఏ పరికరాన్ని అడగాలి, అది పలకకపోతే ఏది అన్న జాబితా. ఆన్ చేయగానే ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కితే వచ్చే సెటప్ తెరలో దీన్ని మార్చుకోవచ్చు. పాత కంప్యూటర్లలో ఈ మార్పులను నిలబెట్టేది రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ. అది అయిపోతే గడియారం ఎప్పటి సంవత్సరానికో వెనక్కి పోతుంది, జాబితా ఫ్యాక్టరీలో పెట్టినట్టు తయారవుతుంది. ల్యాబ్‌లో ఒక్క కంప్యూటరే మొండికేస్తుంటే ముందు దాని తేదీ చూడండి. చవకగా పోయే రోగం అదొక్కటే.

446 బైట్లు

జాబితాలో మొదటిది హార్డ్ డిస్క్ అనుకుందాం. పాత పద్ధతిలో పుట్టు ప్రోగ్రాముకు డిస్క్ గురించి తెలిసింది చాలా తక్కువ. ఫైళ్లు తెలియవు, ఫోల్డర్లు తెలియవు. తెలిసిందల్లా డిస్క్‌లో మొట్టమొదటి గడిని చదవడం. ఆ గడి పరిమాణం 512 బైట్లు. దాన్ని ర్యామ్‌లోకి దించి, చివరి రెండు బైట్లు 55, ఏఏ అవునో కాదో చూస్తుంది. అవునంటే పగ్గాలు ఆ గడిలో ఉన్న ప్రోగ్రాముకు అప్పజెప్పి తప్పుకుంటుంది. కాదంటే జాబితాలో తర్వాతి పరికరం దగ్గరికి పోతుంది. ఆ గడిలో ఉన్నది మంచిదా చెడ్డదా, విండోస్‌దా వైరస్‌దా అన్న విచారణ ఏమీ ఉండదు.

512లో రెండు బైట్లు గుర్తుకు పోయాయి. డిస్క్‌ను ఎన్ని భాగాలు చేశారో రాసుకునే పట్టికకు 64 పోయాయి. ప్రోగ్రాముకు మిగిలింది 446. కంప్యూటర్లలో ఇప్పుడు తెలుగు రాసే పద్ధతిలో ఒక్కో అక్షర సంకేతానికి మూడు బైట్లు పడుతుంది. అంటే 446 బైట్లలో నూట యాభై సంకేతాలు కూడా పట్టవు. ఈ పేరాలో రెండు మూడు వాక్యాలతోనే ఆ చోటు నిండిపోతుంది.

అంత ఇరుకులో మెనూ చూపించే ప్రోగ్రాము ఇమడదు. అందుకని మొదటి గడిలో ఉండే తునక ఒకే పని చేస్తుంది. డిస్క్‌లో మరో చోట ఉన్న పెద్ద తునకను పిలుస్తుంది. ఆ పెద్ద తునకకు ఫైళ్లు చదవడం తెలుసు, మెనూ గీయడం తెలుసు. అంతా కలిపితే బూట్ లోడర్. తెలుగులో మేల్కొలుపు ప్రోగ్రాము అనుకోవచ్చు. లినక్స్ వాడేవాళ్లకు బాగా తెలిసిన గ్రబ్ ఇలాంటిదే. 1995లో ఎరిక్ బోలిన్ దాన్ని మొదలుపెట్టింది లినక్స్ కోసం కాదు, హర్డ్ అనే మరో వ్యవస్థను లేపడం కోసం. హర్డ్ పేరు విన్నవాళ్లు తక్కువే, గ్రబ్ మాత్రం లోకమంతా పాకింది.

మెనూ అవసరం ఎక్కడ వస్తుందో మన కాలేజీల్లో చూడొచ్చు. ఒకే యంత్రంలో ఆఫీసు పనికి విండోస్, ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌కు లినక్స్ ఉంటాయి. చెన్నై సీ-డాక్ సంస్థ వాళ్ల బాస్ లినక్స్ 2007 నుంచి ఉంది. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగులో పలికే లినక్స్‌ను తయారు చేసింది. రెండు వ్యవస్థలు ఒకే డిస్క్‌లో ఉన్నప్పుడు ఏది లేవాలో ఎవరో ఒకరు చెప్పాలి కదా. చెప్పడానికి మనిషి ఉంటే బాధే లేదు.

రాత్రిపూట వచ్చే కరెంటు

మీట నొక్కే మనిషి లేని ఈ సమస్యను అనంతపురం పల్లెల్లో కంప్యూటర్ల కంటే ముందే ఎదుర్కొన్నారు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే నేల. చెరువు నిండని ఏళ్లలో శెనక్కాయను బతికించాల్సింది బోరే. బోరు ఆడాలంటే త్రీ ఫేజ్ కరెంటు కావాలి. ఆ కరెంటు వంతుల వారీగా, అర్ధరాత్రి దాటాక వచ్చిన కాలం చాలా ఉంది. చీకట్లో చేనికి పోయి స్టార్టరు నొక్కబోయి పాముకాటుకో షాకుకో బలైనవాళ్లూ ఉన్నారు. అందుకని రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే, లేదా పెట్టిన గడువు కాస్త గడవగానే, మోటారు దానంతటదే తిరుగుతుంది. రైతు ఇంట్లో నిద్రపోతుంటాడు.

మేల్కొలుపు మెనూలో గడువు, డిఫాల్ట్ అనే రెండు అమరికలు చేసే పని అచ్చంగా ఇదే. మనిషి ఎదురుగా ఉంటే బాణపు మీటలతో వరుస ఎంచుకుని ఎంటర్ కొడతాడు. లేకపోతే గడువు తీరాక, ముందే గుర్తు పెట్టి ఉంచిన వరుస అమలవుతుంది. మెనూను చూసేవాళ్ల కోసం తయారు చేశారని మనం అనుకుంటాం. నా లెక్కలో మాత్రం అందులో ముఖ్యమైన భాగం చూసేవాళ్లు లేనప్పుడు పనికొచ్చేదే.

ఈ పోలికను ఇంకాస్త లాగవచ్చు. మోటారు మొదలయ్యే క్షణంలో, నడిచేటప్పటి కంటే అయిదారు రెట్లు కరెంటు గుంజుతుంది. ఆటో స్టార్టర్లు ఉన్న ఊళ్లో కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. ఆటో స్టార్టర్లు తీసేయండి, కెపాసిటర్లు పెట్టుకోండి అని కరెంటోళ్లు ఊరూరా చెప్పేది అందుకే. అరవై కంప్యూటర్ల ల్యాబ్‌కు కరెంటు తిరిగి వచ్చినప్పుడు జరిగేదీ ఇలాంటిదే. కరెంటు పోయి వచ్చాక యంత్రం తనంతట తాను లేవాలా, పడుకునే ఉండాలా అన్న అమరిక సెటప్ తెరలోనే ఉంటుంది. లేవాలి అని పెడితే అరవై యంత్రాలూ ఒకే క్షణంలో లేస్తాయి. అన్నీ నెట్‌వర్క్ నుంచి మేల్కొనేవైతే, అన్నీ ఒకే సర్వరు మీద పడతాయి.

గ్రబ్‌లో ఇక్కడ ఒక చిక్కు ఉండేది. ఉబుంటు లినక్స్‌లో, కిందటిసారి మేలుకోవడం సజావుగా పూర్తి కాలేదని గ్రబ్‌కు అనుమానం వస్తే, మనం పెట్టిన గడువును పక్కన పెట్టేది. ఎవరో వచ్చి ఎంటర్ నొక్కేదాకా మెనూ దగ్గరే నిలబడిపోయేది. మనిషి వచ్చి చూడాలన్నది దాని సదుద్దేశం. సగంలో కరెంటు పోయిన యంత్రం కూడా దాని దృష్టిలో అనుమానాస్పదమే. కాబట్టి కోతల కాలంలో, తెరా కీబోర్డూ లేని సర్వరు గది మూలన ఆ మెనూ రోజంతా ఎదురుచూస్తూ ఉండేది. తర్వాతి సంచికల్లో దాన్ని 30 సెకన్లకు కుదించారు. కరెంటు నిలకడగా ఉన్న దేశాల్లో కూర్చుని రాసిన జాగ్రత్త అదని ఊహించడం కష్టం కాదు.

నెట్‌వర్క్ మెనూలో సొంత డిస్క్

ఇప్పుడు ఆ ఈ61 సంగతికి వద్దాం. నెట్‌వర్క్ కార్డులోనూ ఒక చిన్న మేల్కొలుపు ప్రోగ్రాము ఉంటుంది. ఇంటెల్ రూపొందించిన ఆ పద్ధతి పేరే పీఎక్స్ఈ. 1999లో వచ్చిన దాని 2.1 సంచికనే ఇన్నేళ్లుగా అందరూ అనుసరిస్తున్నారు. అది నెట్‌వర్క్‌లోకి ఒక కేక వేస్తుంది: నా చిరునామా ఏది, నేను తెచ్చుకోవాల్సిన ఫైలు ఎక్కడుంది? జవాబు కోసం ముందు 4 సెకన్లు ఆగుతుంది, తర్వాత 8, ఆపైన 16, చివరగా 32. మొత్తం ఒక నిమిషం. అప్పటికీ సర్వరు పలకకపోతే ఈ51 అనే మరో ఫిర్యాదు రాసి, జాబితాలో తర్వాతి పరికరానికి వదిలేస్తుంది.

సర్వరు పలికితే, అక్కడి నుంచి మెనూ ప్రోగ్రాము దిగుతుంది. హెచ్. పీటర్ ఆన్విన్ రాసిన సిస్‌లినక్స్ కుటుంబంలోని పీఎక్స్ఈలినక్స్‌ను ఇందుకు విరివిగా వాడారు. అది దిగగానే తన అమరిక ఫైలు కోసం వెతికే తీరు చూడముచ్చటగా ఉంటుంది. ముందు ఈ యంత్రానికి మాత్రమే చెందిన పేరుతో, అంటే నెట్‌వర్క్ కార్డు నంబరు వంటి దానితో ఫైలు ఉందా అని అడుగుతుంది. లేకపోతే తన ఐపీ చిరునామాను ఎనిమిది అక్షరాలుగా మార్చి అడుగుతుంది. దొరక్కపోతే చివరి అక్షరం కొట్టేసి ఏడింటితో, తర్వాత ఆరింటితో, అలా తగ్గించుకుంటూ పోయి, ఏదీ లేకపోతే డిఫాల్ట్ అనే ఫైలు తీసుకుంటుంది. ఒక యంత్రానికి ఒక మాట, ఒక ల్యాబ్‌కు ఇంకో మాట, కాలేజీ మొత్తానికి మరో మాట చెప్పే వీలు ఈ వెతుకులాటలోనే ఉంది.

అమరిక ఫైలు మామూలు రాత ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. మెనూలో ఒక్కో వరుసకు లేబుల్ అని ఒక పేరు, దాని కింద చేయాల్సిన పని రాస్తారు. ఒక వరుసలో లినక్స్ ఇన్‌స్టాల్ చేసే పని ఉండొచ్చు, ఇంకో వరుసలో మెమరీ పరీక్ష. మూడో వరుసకు లోకల్ అని పేరు పెట్టి, కింద లోకల్‌బూట్ 0 అని రాస్తారు. నెట్‌వర్క్‌తో మన పని అయిపోయింది, ఇక సొంత డిస్క్ నుంచి లే అని దానికి అర్థం. ఆ వరుసకే మెనూ డిఫాల్ట్ అన్న గుర్తు తగిలిస్తారు.

ఇంత దూరం వచ్చి, సర్వరు దాకా వెళ్లి, మళ్లీ సొంత డిస్క్‌కే తిరిగొచ్చేట్టయితే ఈ తిప్పలు ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. సెటప్ జాబితాలో డిస్క్‌నే ముందు పెడితే పోలా? ఇంట్లో ఒకటే కంప్యూటరుంటే నిజంగానే పోతుంది. ల్యాబ్‌లో అరవై ఉంటే, సెలవుల్లో అన్నింటికీ కొత్త లినక్స్ ఎక్కించాలంటే, ఒక్కొక్కదాని దగ్గర కూర్చుని ఎఫ్2 నొక్కాలి. నెట్‌వర్క్‌ను ముందు పెట్టి, డిఫాల్ట్‌గా సొంత డిస్క్‌ను పెడితే, మామూలు రోజుల్లో అన్నీ తమ డిస్క్‌ల నుంచే లేస్తాయి. పని పడిన రోజున సర్వరులో ఒక్క ఫైలు మారిస్తే చాలు.

తలకిందులుగా పెడితే ఏమవుతుందో ఊహించండి. ఎక్కించే రోజున తొందరలో ఇన్‌స్టాల్ వరుసనే డిఫాల్ట్ చేశారు. అరవై యంత్రాలూ చక్కగా లినక్స్ ఎక్కించుకున్నాయి. పని అయిపోగానే ప్రతి యంత్రం తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది. మళ్లీ నెట్‌వర్క్‌ను అడుగుతుంది. మళ్లీ అదే జవాబు వస్తుంది. డిస్క్ చెరిపేసి మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకుంటుంది. మనిషి వచ్చి ఆపేదాకా ఇది తెగదు. ఆ పూట గమనించి ఆపినా, డిఫాల్ట్ మార్చడం మరిచిపోతే చాలు. నెల తర్వాత ఒక రాత్రి కరెంటు పోయి వస్తుంది. తెల్లారేసరికి విద్యార్థుల ప్రాజెక్టులన్నీ తుడిచిపెట్టుకుపోయి, ల్యాబ్ నిండా కొత్త లినక్స్ మెరుస్తూ ఉంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఇన్‌స్టాల్ వరుసను ఒక్కో యంత్రం పేరున ఉండే ఫైలులోనే పెట్టి, ఎక్కించడం పూర్తి కాగానే ఆ ఫైలు తీసేస్తారు. కాలేజీ మొత్తానికి వర్తించే ఫైలులో సొంత డిస్క్ తప్ప మరొకటి డిఫాల్ట్‌గా ఉండకూడదు. ఈ విషయంలో మరో అభిప్రాయానికి చోటు లేదనే అంటాను.

అందరూ ఒక్కసారిగా లేచే సమస్య కూడా ఇక్కడ చాలావరకు తీరుతుంది. మేల్కొనేటప్పుడు ఫైళ్లు దించే టీఎఫ్‌టీపీ అనే పద్ధతి పాత కాలపుది. మామూలుగా 512 బైట్ల ముక్క ఒకటి పంపి, అందిందన్న కబురు వచ్చాక గానీ రెండోది పంపదు. ఆ దారిలో అరవై యంత్రాలు వందల మెగాబైట్ల వ్యవస్థను కోరితే సర్వరు చతికిలపడుతుంది. డిఫాల్ట్ సొంత డిస్కే అయితే ఒక్కో యంత్రం తీసుకునేది మెనూ ప్రోగ్రాము, చిన్న ఫైలు, అంతే. అది కొన్ని వందల కిలోబైట్లలో తేలిపోతుంది.

సున్నాల గొడవ

ఇక తప్పులు దొర్లేది అంకెల దగ్గర. పీఎక్స్ఈలినక్స్‌లో గడువును సెకనులో పదో వంతు చొప్పున లెక్కిస్తారు. అయిదు సెకన్లు కావాలంటే టైమౌట్ 50 అని రాయాలి. 5 అని రాస్తే అర సెకను. మెనూ ఇలా మెరిసి అలా పోతుంది, మనకు కంటి చలువ కూడా దక్కదు. గ్రబ్‌లో అదే 5 నిజంగా అయిదు సెకన్లు.

సున్నా ఇంకా మోసకారి. గ్రబ్‌లో గడువు సున్నా అంటే క్షణం కూడా ఆగకుండా డిఫాల్ట్‌కు వెళ్లిపొమ్మని. ఎప్పటికీ ఆగాలంటే అక్కడ మైనస్ 1 రాయాలి. పీఎక్స్ఈలినక్స్‌లో సున్నా రాస్తే గడువే లేదని అర్థం, ఎవరో వచ్చేదాకా నిలబడుతుంది. గ్రబ్‌కు అలవాటు పడ్డవాళ్లు పీఎక్స్ఈలినక్స్‌ను దిద్దినప్పుడు ల్యాబ్ మొత్తం మెనూ దగ్గర నిలబడిపోతుంది. లోకల్‌బూట్ పక్కన ఉండే సున్నా మళ్లీ వేరే. పీఎక్స్ఈలినక్స్‌లో అది మామూలుగా డిస్క్ నుంచి లెమ్మనడం. అదే కుటుంబంలో సీడీ నుంచి నడిచే ఐసోలినక్స్‌లో ఆ చోట పరికరం నంబరు రాస్తారు. బయోస్ లెక్కలో సున్నా నంబరు ఫ్లాపీది, మొదటి హార్డ్ డిస్క్ నంబరు 128. ఫ్లాపీలు పోయినా వాటి సున్నా మాత్రం చోటు ఖాళీ చేయలేదు.

కీబోర్డు కూడా ఒక చెయ్యి వేస్తుంది. పీఎక్స్ఈలినక్స్ మెనూ కనబడుతుండగా ఏ మీట తగిలినా గడువు లెక్క ఆగిపోతుంది, మనిషి వచ్చాడని అది అనుకుంటుంది. ఎర్రదుమ్ము దూరి ఇరుక్కుపోయిన మీట ఉన్న కీబోర్డు ఒక్కటి చాలు, ఆ యంత్రం లేవదు. దీనికి విరుగుడుగా టోటల్ టైమౌట్ అనే మరో గడువు ఉంది. మీట తగిలినా తగలకపోయినా అది తీరాల్సిన వేళకు తీరుతుంది.

కొత్త బోర్డులు

ఇంతవరకు చెప్పింది చాలావరకు బయోస్ కాలపు కథ. ఆ పాత పద్ధతిని 2020 నాటికి వదిలేయాలని ఇంటెల్ 2017లోనే ప్రకటించింది. ఇప్పటి బోర్డుల్లో ఉండే యూఈఎఫ్ఐ అనే పుట్టు ప్రోగ్రాముకు ఫైళ్లు చదవడం వచ్చు. 446 బైట్ల ఇరుకు దానికి లేదు. డిస్క్‌లో తన కోసం కేటాయించిన ఒక చిన్న భాగంలోంచి మేల్కొలుపు ప్రోగ్రామును మామూలు ఫైలులాగే తెరుస్తుంది. ఏ ఫైలు తెరవాలో బోర్డులోనే రాసుకుంటుంది.

వీటి దగ్గర పాత లోకల్‌బూట్ వరుసను నమ్ముకోలేం. నెట్‌వర్క్ నుంచి గ్రబ్‌ను దించి, లోకల్ వరుస కింద ఎగ్జిట్ అని రాయడం ఒక దారి. అప్పుడు గ్రబ్ తప్పుకుని పుట్టు ప్రోగ్రాముకే పగ్గాలు తిరిగిస్తుంది, అది తన జాబితాలో తర్వాతిదైన డిస్క్‌కు పోతుంది. కొన్ని బోర్డులు మాత్రం డిస్క్‌కు పోకుండా సెటప్ తెర తెరిచి కూర్చుంటాయి. వాటికి డిస్క్‌లోని మేల్కొలుపు ఫైలు ఎక్కడుందో దారి మొత్తం రాసి, దాన్నే పిలవమని చెప్పాలి. రెండు రకాల బోర్డులూ కలిసున్న ల్యాబ్‌లో రెండు మెనూలు నడపక తప్పదు. కాలేజీలు ఒకేసారి అన్ని కంప్యూటర్లూ కొనవు కాబట్టి, చాలా ల్యాబ్‌లు ఇలాంటివే.

ఇలా పెట్టిన డిఫాల్ట్‌ను పరీక్షించడానికి రీస్టార్ట్ మీట నొక్కి చూస్తే సరిపోదు. సర్వరులో అమరిక రాసి, పిల్లల పనులన్నీ భద్రపరిచాక, కంప్యూటర్లన్నీ పద్ధతిగా షట్‌డౌన్ చేసి, ల్యాబ్ మెయిన్ స్విచ్ దించేయాలి. కాసేపు ఆగి మళ్లీ ఎత్తాలి. ఒక్క కీబోర్డు కూడా ముట్టుకోకుండా గది బయటికి వచ్చి, గడువుకు తగినంతసేపు నిలబడి, లోపలికి వెళ్లి లెక్కపెట్టాలి. ఆ తర్వాత సర్వరు ఆపేసి ఇదంతా ఇంకోసారి చేయాలి. ఈసారి ఒక్కో యంత్రం ఆ ఒక నిమిషం ఎదురుచూసి, ఈ51 అని గొణిగి, అయినా తన డిస్క్ నుంచి లాగిన్ తెర దాకా రావాలి.